బ్యాస్ వేటకు కొత్తవారు రీల్‌నూ లైన్‌నూ ఎలా చూసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు కొన్ని నెలలుగా బ్యాస్ అనే మంచినీటి చేపల కోసం గాలం వేస్తున్నారు. మీ దగ్గర ఒక స్పిన్నింగ్ రీల్ (లైన్ చుట్టుకునే స్పూల్ కదలనిది), ఒక బెయిట్‌కాస్టర్ (స్పూల్ తానే తిరిగే రీల్) ఉన్నాయి. స్పిన్నింగ్ రీల్ మీద లైన్ చుట్టలు చుట్టలుగా లేచి చిక్కుపడుతోంది, హ్యాండిల్ తిప్పితే గరగరమంటోంది, మంచి చేప తగిలినప్పుడు లైన్ ముడి దగ్గరే తెగిపోతోంది. రీల్‌ను ఎన్నాళ్లకు ఒకసారి విప్పాలి, ఏ నూనె వేయాలి, లైన్ ఎప్పుడు మార్చాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, మీరు చెప్పిన మూడు ఇబ్బందుల్లో రెండు లైన్‌కు సంబంధించినవే. అందువల్ల రీల్‌ను విప్పడానికి ముందు లైన్‌ను సరిచేయండి. నైలాన్ మోనోఫిలమెంట్ (ఒంటిపోగు లైన్) వాడుతున్నట్లయితే, తరచుగా గాలం వేసే కాలంలో రెండు మూడు నెలలకు ఒకసారి దానిని మార్చండి. ఫ్లోరోకార్బన్ (మరో ప్లాస్టిక్‌తో చేసిన బిరుసైన లైన్) అయితే సీజన్‌కు ఒకసారి చాలు. బ్రెయిడ్ (పోగులతో అల్లిన లైన్) అయితే కాలాన్ని బట్టి కాక, పీచు లేచిందా లేదా అన్నదాన్ని బట్టి నిర్ణయించండి. వేట ముగిసిన ప్రతిసారీ రీల్‌ను తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. కొన్ని వేటలకు ఒకసారి లైన్ రోలర్ (లైన్ మలుపు తిరిగే చిన్న చక్రం), బెయిల్ (లైన్‌ను పట్టి స్పూల్ మీదికి తెచ్చే తీగ) కీళ్లు, హ్యాండిల్ పిడి దగ్గర ఒక్కొక్క చుక్క నూనె వేయండి. మొత్తం విప్పి పాత గ్రీజు తీసి కొత్తది పెట్టడం, మంచినీటిలో మాత్రమే వాడే రీల్‌కు, ఏడాదికి ఒకసారి సరిపోతుంది. లైన్ తరచుగా మార్చవలసిన సరుకు. రీల్ మాత్రం కొద్దిపాటి శ్రద్ధతో ఏళ్ల తరబడి నిలిచే పనిముట్టు. ఈ తేడా గుర్తుంటే ఏది ముందు, ఏది తరువాత అన్నది మీకే తెలిసిపోతుంది.

నేను చాలా ఏళ్లుగా లార్జ్‌మౌత్, స్మాల్‌మౌత్ బ్యాస్ రెండింటికీ గాలం వేస్తున్నాను. నా రీళ్లతో పాటు మిత్రుల రీళ్లను కూడా నేనే విప్పి శుభ్రం చేస్తూ ఉంటాను. రీల్ పాడైందని నా దగ్గరకు తెచ్చినవాటిలో చాలావాటికి లోపలి గేర్లు నిక్షేపంగానే ఉంటాయి. లైన్ రోలర్ తిరగకపోవడం, స్పూల్ నిండా పురెక్కిన పాత లైన్ ఉండడం, రాడ్ చివరి గైడ్‌లో, అంటే లైన్ దూరే వలయంలో, చిన్న పగులు ఉండడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి అసలు కారణంగా తేలుతుంది. కాబట్టి నా సమాధానంలో సగానికి పైగా లైన్ గురించే ఉంటుంది.

ముడి దగ్గర ఎందుకు తెగుతుంది? బ్యాస్ బయలు నీటిలో కన్నా చాటున ఉండడానికి ఇష్టపడే చేప. మునిగిన కొమ్మలు, రాళ్లు, నాచు, వంతెన స్తంభాలు, పడవల రేవుల కింది దుంగలు దాని నివాసాలు. అక్కడికి విసిరిన ఎరను వెనక్కి లాగుతున్నంతసేపూ లైన్ చివరి ఒకటి రెండు అడుగులు ఏదో ఒకదానికి ఒరుసుకుంటూనే ఉంటాయి. దానికి తోడు బ్యాస్ నోటిలో పెద్ద కోరలు లేకపోయినా, పెదవుల లోపల ఆకురాయిలాంటి సన్నని పళ్ల వరుస ఉంటుంది. ఒక్క చేపతో పెనుగులాడినా ముడికి పైన ఉన్న లైన్ గరుకెక్కుతుంది. స్పూల్ మీద ఉన్న లైన్ ఎంత కొత్తదైనా, దాని బలమంతా ఈ చివరి రెండు అడుగుల బలమే.

అందువల్ల వేట మధ్యలోనే చేయవలసిన తనిఖీ ఒకటి ఉంది. ప్రతి చేప తరువాత, ఎర ఎక్కడైనా ఇరుక్కుని వదిలిన ప్రతిసారీ, ముడి నుంచి పైకి రెండు మూడు అడుగుల లైన్‌ను బొటనవేలి గోటికీ చూపుడువేలికీ మధ్య నెమ్మదిగా జార్చండి. ఎక్కడైనా గీత, గరుకు, చదును తగిలితే దానికి పైన కోసివేసి కొత్త ముడి వేయండి. వేళ్లు తడిసి మొద్దుబారిన చలి రోజుల్లో నేను లైన్‌ను పెదవుల మధ్య నుంచి జార్చి చూస్తాను. చర్మానికి తెలియని గరుకు పెదవికి తెలుస్తుంది. దీనికి పట్టేది అర నిమిషం. కొత్తవారు ఈ అర నిమిషాన్ని వెచ్చించడానికి వెనకాడతారు, ఎందుకంటే చేపలు ఎర పట్టే సమయంలో చేతులు ఆగవు. కాని సరిగ్గా ఆ సమయంలోనే లైన్ ఎక్కువగా దెబ్బతింటుంది.

ముడి వేసే పద్ధతి కూడా చూసుకోవాలి. ముడిని బిగించే ముందు నీటితోనో ఉమ్మితోనో తడపండి. పొడి లైన్ తనమీద తాను రాసుకుంటూ బిగిసినప్పుడు పుట్టే వేడి ఫ్లోరోకార్బన్‌ను ముడి దగ్గరే బలహీనపరుస్తుంది. అటువంటి ముడికి కాస్త పైన లైన్ తెల్లబారి, నులుచుకుని కనిపిస్తుంది. ఒక్కసారిగా లాగకుండా నిదానంగా బిగించండి. మీరు నేర్చుకోవలసినది ఒకే ఒక ముడి అయితే పాలోమార్ నేర్చుకోండి. అది మూడు రకాల లైన్లకూ పనికివస్తుంది, ముఖ్యంగా జారిపోయే గుణం ఉన్న బ్రెయిడ్‌కు నమ్మదగినది. చాలామంది మొదట నేర్చుకునే క్లించ్ ముడి మోనోఫిలమెంట్‌కు బాగానే ఉంటుంది కాని, బ్రెయిడ్‌లో జారుతుంది.

ఇక పురి సంగతి. మీరు చెప్పిన చుట్టలకు కారణాలు రెండు ఉండవచ్చు. ఒకటి, లైన్ చాలాకాలం స్పూల్ మీద ఉండి ఆ వంపునే పట్టుకోవడం. రెండు, లైన్‌కు పురెక్కడం. తేడా తెలుసుకోవడం సులభం. కొన్ని అడుగుల లైన్‌ను వదులుగా వేలాడదీసి రెండు కొసలను దగ్గరకు తీసుకురండి. వెడల్పైన వంపులుగా వేలాడితే అది స్పూల్ వంపు మాత్రమే. తనంతట తాను మెలితిరిగి పెనవేసుకుంటే అది పురి.

స్పిన్నింగ్ రీల్‌లో స్పూల్ కదలకుండా ఉంటుంది; దాని చుట్టూ రోటర్ తిరిగి లైన్‌ను చుడుతుంది. కనుక ఎరను విసిరినప్పుడు లైన్ స్పూల్ మీద నుంచి చుట్టలుగా జారిపోతూ ఒక దిశలో పురెక్కుతుంది, తిరిగి చుట్టినప్పుడు ఆ పురి విడిపోతుంది. ఈ రెండూ సమానంగా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. సమతుల్యం తప్పేది ఇతర కారణాల వల్ల. వాటిలో అతి ముఖ్యమైనది, చేప లైన్‌ను లాక్కుపోతూ డ్రాగ్ (గట్టిగా లాగితే లైన్‌ను కొంత వదిలే బ్రేకు) జారుతున్నప్పుడు కూడా ఆదుర్దాగా హ్యాండిల్ తిప్పుతూ ఉండడం. అప్పుడు లైన్ లోపలికి రాదు, కాని రోటర్ తిరిగిన ప్రతి చుట్టుకూ లైన్‌లో ఒక పురి పడుతుంది. మీ రీల్ గేర్ నిష్పత్తి 6:1 అయితే, హ్యాండిల్ ఒక్కసారి తిప్పినందుకు ఆరు పురులు. పది సార్లు తిప్పితే అరవై. డ్రాగ్ జారుతున్న శబ్దం వినబడితే చేయి ఆపండి. రాడ్‌ను పైకెత్తి చేపను దగ్గరకు లాగి, రాడ్‌ను దించుతూ మాత్రమే చుట్టండి.

రెండో కారణం, విసిరిన తరువాత హ్యాండిల్ తిప్పి బెయిల్‌ను మూయడం. బెయిల్‌ను చేత్తో మూసి, లైన్‌ను ఒకసారి మెల్లగా లాగి బిగువు చేసిన తరువాతే చుట్టడం మొదలుపెట్టండి. ఇలా చేస్తే రోలర్ దగ్గర వదులు చుట్ట పడదు, బెయిల్ స్ప్రింగ్ కూడా ఎక్కువకాలం మన్నుతుంది. మూడో కారణం ఎర. నీటిలో గిరగిరా తిరిగే స్పిన్నర్లు, వంకరగా గుచ్చిన మెత్తని ప్లాస్టిక్ పురుగులు వెనక్కి లాగుతున్నంతసేపూ పురి ఎక్కిస్తూనే ఉంటాయి. స్పిన్నర్‌కు ముందు ఒక చిన్న స్వివెల్ (తిరిగే కీలు) కట్టండి. ప్లాస్టిక్ ఎరను నీటి అంచున ఒకసారి లాగి, తిన్నగా వస్తోందో లేదో చూసి, తిరుగుతుంటే తీసి మళ్లీ గుచ్చండి.

ఎక్కిన పురిని తీయడానికి నాకు తెలిసిన మంచి మార్గం పడవ మీద ఉన్నప్పుడు వీలవుతుంది. ఎర, గాలం, స్వివెల్ అన్నీ తీసివేసి, వట్టి లైన్‌ను నెమ్మదిగా కదులుతున్న పడవ వెనుక పొడుగునా వదిలి కొన్ని నిమిషాలు ఈడ్వండి, ఆ తరువాత వేళ్ల మధ్య బిగువుగా పట్టుకుని చుట్టండి. పడవ లేకపోతే వాగు ప్రవాహంలోకి వదిలినా, విశాలమైన గడ్డి మైదానంలో లైన్ పరిచి నడిచినా చాలావరకు విడిపోతుంది. అప్పటికీ మెలికలు పడుతుంటే ఆ లైన్‌ను వదిలేయడమే మంచిది.

కొత్త లైన్ చుట్టేటప్పుడే పురెక్కించుకునేవారు కూడా ఎంతోమంది ఉన్నారు. స్పిన్నింగ్ రీల్‌కు చుట్టేటప్పుడు లైన్ చుట్టను నేలమీద పడుకోబెట్టి, రాడ్ మొదటి గైడ్ గుండా లైన్ తెచ్చి స్పూల్‌కు కట్టండి. లైన్‌ను వేళ్ల మధ్య తడిగుడ్డతో పట్టుకుని పదిహేను ఇరవై సార్లు హ్యాండిల్ తిప్పి ఆగండి. లైన్‌ను వదులు చేసి చూడండి. మెలితిరుగుతుంటే నేలమీది చుట్టను బోర్లించి మళ్లీ మొదలుపెట్టండి. బెయిట్‌కాస్టర్‌కు ఈ పద్ధతి పనికిరాదు. దాని స్పూల్ తానే తిరుగుతుంది కాబట్టి, లైన్ చుట్ట రంధ్రంలో పెన్సిల్ దూర్చి అదీ తిరిగేలా ఎవరైనా పట్టుకోవాలి, రెండు స్పూళ్లూ ఒకే దిశలో తిరగాలి.

ఎంతవరకు నింపాలి? స్పూల్ అంచుకు సుమారు 3 మిల్లీమీటర్ల లోపల ఆపండి. అంతకన్నా నింపితే స్పిన్నింగ్ రీల్‌లో ఒక్కసారే పది చుట్టలు ఊడివస్తాయి. మరీ తక్కువైతే లైన్ అంచుకు రాసుకుని ఎర దూరం వెళ్లదు. బ్రెయిడ్ అయితే తప్పనిసరిగా బిగువుగా చుట్టాలి. వదులుగా చుట్టిన బ్రెయిడ్, పెద్ద చేప లాగినప్పుడు కింది పొరల్లోకి కోసుకుపోయి ఇరుక్కుంటుంది. బ్రెయిడ్ నున్నని లోహపు స్పూల్ మీద మొత్తంగా జారిపోతుంది కూడా. కాబట్టి అడుగున కొన్ని చుట్ల మోనోఫిలమెంట్ చుట్టి, దానికి బ్రెయిడ్‌ను కట్టండి. డ్రాగ్ ఎంత బిగించినా లైన్ వెళ్లిపోతూనే ఉంది, డ్రాగ్ పాడైంది అని ఒక యువకుడు తన రీల్‌ను నా దగ్గరకు తెచ్చాడు. డ్రాగ్ బాగానే ఉంది. అడుగున మోనో లేనందువల్ల బ్రెయిడ్ చుట్ట అంతా స్పూల్ మీద గుండ్రంగా తిరుగుతోంది.

మూడు రకాల లైన్లు పాడయ్యే తీరు వేరు. మోనోఫిలమెంట్ నైలాన్‌తో చేసినది. నైలాన్ నీటిని పీల్చుకుంటుంది, తడిసినప్పుడు కొంత బలం కోల్పోతుంది, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు క్రమంగా పెళుసెక్కుతుంది. తాకితే పొడిపొడిగా, మసకగా అనిపిస్తే దాని పని అయిపోయినట్లే. అన్నిటికన్నా చవకైనదీ అదే కాబట్టి మార్చడానికి సంకోచించవద్దు. ఫ్లోరోకార్బన్ అన్నది పాలివినైలిడిన్ ఫ్లోరైడ్. అది నీటిని దాదాపు పీల్చుకోదు, ఎండకూ అంతగా లొంగదు. నీటి సాంద్రత 1 అనుకుంటే దీనిది సుమారు 1.78 కనుక నీటిలో మునుగుతుంది. నైలాన్ సాంద్రత సుమారు 1.14. కాని ఫ్లోరోకార్బన్ బిరుసైనది, ఒకసారి మడత పడితే ఆ చోట బలహీనత శాశ్వతం. బెయిట్‌కాస్టర్‌లో బ్యాక్‌లాష్ (స్పూల్ లైన్‌కన్నా వేగంగా తిరిగి పడే చిక్కు) విప్పిన తరువాత తెల్లని మడత కనిపిస్తే అక్కడికి కోసివేయక తప్పదు. బ్రెయిడ్ పాలిథిలిన్ పోగులతో అల్లినది, సాంద్రత నీటికన్నా తక్కువ కనుక తేలుతుంది. వంపు పట్టదు, సాగదు, ఎండకు తొందరగా పాడవదు. రంగు వెలిసినంత మాత్రాన దానిని పారేయవద్దు. పీచు లేచి, తాకితే నూగులా తగిలితే మాత్రం ఆ మేరకు కోయండి. బ్రెయిడ్‌లో ఎక్కువగా అరిగేది పైభాగమే కాబట్టి, ఒక సీజన్ తరువాత దానిని మరో స్పూల్ మీదికి తీసి తలకిందులుగా చుట్టుకుంటే అడుగున దాగిన కొత్త భాగం పైకి వస్తుంది. మోనోనూ ఫ్లోరోకార్బన్‌నూ మార్చేటప్పుడు కూడా మొత్తం మార్చవలసిన పనిలేదు. అడుగు సగం ఎన్నడూ నీటిలోకి వెళ్లి ఉండదు. పై సగం తీసి కొత్తది కట్టుకోవచ్చు. అయితే ఆ అతుకు మీరు విసిరే దూరానికి అవతలే ఉండాలి.

మొదటి ఏడాదికి నా సలహా ఏమిటంటే, స్పిన్నింగ్ రీల్‌కు 10 పౌండ్ల బలమున్న బ్రెయిడ్ చుట్టి, చివర 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్‌ను ఆరేడు అడుగులు లీడర్‌గా కట్టండి. అరిగేది లీడర్ మాత్రమే, మార్చవలసినది కూడా అదే. బెయిట్‌కాస్టర్‌కు 12 లేదా 15 పౌండ్ల మోనో చుట్టండి. బ్యాక్‌లాష్‌లు పడే నేర్చుకునే రోజుల్లో ఖరీదైన ఫ్లోరోకార్బన్‌ను దానిమీద వృథా చేయవద్దు.

లైన్ ఒకే ఎత్తులో పదేపదే తెగుతున్నా, పొడుగునా గీతలు పడుతున్నా గైడ్లను అనుమానించండి. దూదిపుల్లను ప్రతి గైడ్ వలయం లోపల చుట్టూ తిప్పండి. దూది పోగు పట్టుకుంటే అక్కడ పగులు ఉన్నట్లు. ఆ పగులు కంటికి కనిపించకపోవచ్చు, కాని బ్రెయిడ్ దానిని రోజూ చూస్తూనే ఉంటుంది. ఇదే పరీక్ష లైన్ రోలర్‌కు కూడా చేయండి. రాడ్‌ను మోసుకుపోయేటప్పుడు గాలాన్ని గైడ్ లోపలి పింగాణీ వలయానికి తగిలించడం వల్లనే ఈ పగుళ్లలో చాలా వరకు వస్తాయి. పిడి దగ్గర అందుకోసమే ఇచ్చిన కొక్కేనికి తగిలించండి.

ఇప్పుడు రీల్. స్పిన్నింగ్ రీల్‌లో మీరు మరిచిపోకూడని భాగం లైన్ రోలర్. చేప బరువంతా ఆ చిన్న చక్రం మీద మలుపు తిరుగుతుంది. అది తిరగడం ఆగితే లైన్ దానిమీద రాసుకుంటూ వేడెక్కుతుంది, అరుగుతుంది, పురెక్కుతుంది. బెయిల్ మూసి, లైన్‌ను రోలర్ మీద వేసి రెండు చేతులతో అటూ ఇటూ లాగి చూడండి. చక్రం లైన్‌తో పాటు తిరగాలి. తిరగకపోతే పక్కనున్న స్క్రూ తీసి, విడిభాగాలను వచ్చిన వరుసలోనే గుడ్డమీద పేర్చి, తుడిచి, చుక్క నూనె వేసి బిగించండి. ఒక మినహాయింపు ఉంది. డైవా కంపెనీ మాగ్‌సీల్డ్ రీళ్లలో అయస్కాంత నూనెతో మూసిన భాగాలు ఉంటాయి. అక్కడ బయటి నూనె వేస్తే ఆ మూత చెడిపోతుంది. మీ రీల్‌తో వచ్చిన పత్రంలో నూనె వేయవలసిన చోట్లు చుక్కలతో గుర్తించి ఉంటాయి, ముందు దానిని చూడండి.

నూనెకూ గ్రీజుకూ పని వేరు. వేగంగా, తేలికగా తిరిగేవాటికి నూనె: బేరింగులు, లైన్ రోలర్, హ్యాండిల్ పిడి. ఒత్తిడితో ఒకదానినొకటి రాసుకునేవాటికి గ్రీజు: ప్రధాన గేర్, దానితో కలిసి తిరిగే పినియన్. రీల్‌కోసం తయారైన పలుచని నూనె, రీల్ గ్రీజు ఒక్కొక్క సీసా కొనుక్కుంటే ఏళ్లు వస్తాయి. నీటిని తరిమి తుప్పు వదిలించే స్ప్రేలను రీల్ లోపల వాడవద్దు. అవి ఉన్న గ్రీజును కడిగివేసి, తామూ ఎక్కువకాలం నిలవవు. వంటనూనె అయితే కొన్నాళ్లకు జిగురుగా మారి దుమ్మును పట్టుకుంటుంది.

నూనె తక్కువ వేసినందువల్ల కలిగే నష్టం కన్నా ఎక్కువ వేసినందువల్ల కలిగే నష్టం నేను తరచుగా చూస్తాను. హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే యాంటీ రివర్స్ బేరింగ్‌లో సన్నని రోలర్లు ఉంటాయి. గ్రీజు వాటిలోకి చేరితే అవి జిగటపడి పట్టు తప్పుతాయి, చలికాలంలో మరీను. గాలం గుచ్చడానికి రాడ్‌ను బలంగా ఎత్తిన క్షణంలో హ్యాండిల్ వెనక్కి గిర్రున తిరిగితే కారణం సాధారణంగా ఇదే. ఆ బేరింగ్‌ను శుభ్రం చేసి, పలుచని నూనె పూత మాత్రమే ఉంచాలి. బెయిట్‌కాస్టర్‌లో ఇలాంటి చోటు బ్రేక్ వలయం. సెంట్రిఫ్యూగల్ బ్రేకు దిమ్మలు రాసుకునే ఆ వలయం మీద నూనె పడితే బ్రేక్ ఒకసారి పట్టి ఒకసారి పట్టక, బ్యాక్‌లాష్‌లు పెరుగుతాయి. దానిని పొడిగుడ్డతో తుడిచి వదిలేయండి.

బెయిట్‌కాస్టర్‌లో తరచుగా శుభ్రం చేయవలసినది, లైన్‌ను స్పూల్ మీద అటూ ఇటూ సమంగా పరిచే మరచుట్టు కడ్డీ. అది బయటికి తెరిచి ఉంటుంది, లైన్ తెచ్చే బురదా నాచుపొడీ అక్కడే చేరతాయి. పాత టూత్‌బ్రష్‌తో పొడుగునా శుభ్రం చేసి చుక్క నూనె వేసి, హ్యాండిల్ తిప్పి పరచండి. స్పూల్ రెండు కొసల బేరింగులను సీజన్‌కు ఒకసారి బయటికి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాసేపు ఉంచి, పూర్తిగా ఆరనిచ్చి, ఒక్క చుక్క నూనె వేయండి. రెండు చుక్కలు వేస్తే తిరుగుడు మందగిస్తుంది. స్పూల్ బిగువు సరిచేసే గుండ్రని మరను కూడా ఎర మార్చిన ప్రతిసారీ సరిచూడండి: బొటనవేలి మీటను నొక్కినప్పుడు ఎర నిదానంగా దిగి, నేల తాకగానే స్పూల్ ఆగాలి. లైన్‌కు మడతలు పడకుండా కాపాడేది ఇదే.

మీ స్పిన్నింగ్ రీల్ గరగరకు సమాధానం ఇలా వెతకండి. ముందు స్పూల్ తీసి పక్కన పెట్టి హ్యాండిల్ తిప్పండి. శబ్దం పోతే దోషం స్పూల్ కింద చిక్కిన లైన్ ముక్కదో ఇసుకదో అయి ఉంటుంది. పోకపోతే హ్యాండిల్ తీసి, దాని బేరింగును వేలితో తిప్పి చూడండి. అదీ నున్నగా తిరిగితే అప్పుడు మాత్రమే పక్క మూత విప్పి గేర్లు చూడండి. విప్పే ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీయండి, వాషర్ల వరుస తప్పకుండా. పాత గ్రీజు నల్లబడి అందులో మెరిసే పొడి కనిపిస్తే గేర్ పళ్లు అరుగుతున్నట్లు. కేవలం నల్లగా ఉంటే తుడిచి పళ్ల మీద పలుచగా కొత్త గ్రీజు రాయడం చాలు. రీల్‌ను ఇసుక గట్టు మీద పెట్టవద్దు. నీటిలో పూర్తిగా మునిగిపోయిందా, హ్యాండిల్ తిప్పడం వెంటనే ఆపండి. తిప్పేకొద్దీ ఇసుక గేర్ల మధ్య నలుగుతుంది. అటువంటి రీల్‌ను ఆ వారంలోనే విప్పి ఆరబెట్టాలి.

కడగడం గురించి ఒక జాగ్రత్త. రీల్‌ను బక్కెట్‌లో ముంచవద్దు, గొట్టంతో జోరుగా నీళ్లు కొట్టవద్దు. ఒత్తిడి నీరు బయటి మట్టిని బేరింగుల్లోకి నెడుతుంది. మంచినీటి వేట తరువాత తడిగుడ్డ చాలు. ఉప్పు నీరు కలిసే నదీముఖాల్లో బ్యాస్ పట్టినట్లయితే, డ్రాగ్‌ను పూర్తిగా బిగించి, సన్నని ధారతో పైపైన కడిగి, తుడిచి ఆరబెట్టండి. బిగించేది డ్రాగ్ లోపలి వాషర్లలోకి నీరు వెళ్లకుండా.

ఆరిన తరువాత డ్రాగ్‌ను వదులు చేసి దాచండి. నెలల తరబడి బిగించి ఉంచిన వాషర్లు, ముఖ్యంగా ఫెల్ట్‌వి, అణిగిపోయి అంటుకుంటాయి. ఆ తరువాత డ్రాగ్ సాఫీగా జారక కుదుపులతో జారుతుంది, ఆ కుదుపుకే లైన్ తెగుతుంది. మళ్లీ వేటకు వెళ్లే ముందు లైన్‌ను చేత్తో కొన్ని అడుగులు లాగి డ్రాగ్‌ను కదిలించండి. బిగువు ఎంత ఉండాలంటే, లైన్ బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోపల. 10 పౌండ్ల లైన్‌కు రెండున్నర నుంచి మూడు పౌండ్లు, అంటే కిలో కన్నా కాస్త ఎక్కువ. చేతి అంచనాను మొదట్లో నమ్మవద్దు; చేపలు తూచే కొక్కెం త్రాసుకు లైన్ కట్టి లాగి చూడండి. దట్టమైన నాచులో బలమైన బ్రెయిడ్‌తో వేటాడేవారు ఇంతకన్నా చాలా బిగిస్తారు, అది వేరే లెక్క. ఫెల్ట్ వాషర్లకూ కార్బన్ వాషర్లకూ డ్రాగ్ కోసం తయారైన గ్రీజునే, అదీ పలుచగా, వాడాలి. గేర్ గ్రీజు అక్కడ పెట్టకూడదు.

రాడ్లనూ లైన్ చుట్టలనూ ఎండలో నిలిపిన కారులో వదిలేయవద్దు. దోమల మందులోని డీట్ ప్లాస్టిక్‌నూ రంగుపూతనూ తినేస్తుంది. రాసుకున్న చేతులు తుడుచుకున్న తరువాతే రీల్ పట్టుకోండి.

వేరువేరు చెరువుల్లో గాలం వేసేవారికి ఆరబెట్టడం మరో కారణంతో కూడా అవసరం. ఉత్తర అమెరికా గ్రేట్ లేక్స్‌లోకి బయటి నుంచి వచ్చిన స్పైనీ వాటర్ ఫ్లీ అనే ముళ్లతోక చిన్న జలచరం గాలపు లైన్‌కు ముద్దలుగా అంటుకుంటుంది. 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో బయటపడిన జీబ్రా మసెల్ అనే ఆల్చిప్ప ఇతర జలాలకు పాకడానికి పడవలు, సామగ్రి కారణమయ్యాయి. లైన్‌ను తుడుస్తూ చుట్టండి, నాచు పోగులు గట్టునే తీసివేయండి, మరో నీటికి వెళ్లే ముందు రీల్, లైన్ రెండూ పూర్తిగా ఆరాలి.

కోసిన లైన్ ముక్కలను నీటిలోనూ గట్టుమీదా విడవకండి. నైలాన్ ఏళ్ల తరబడి కుళ్లదు; పక్షుల కాళ్లకు, తాబేళ్ల మెడలకు చుట్టుకుంటుంది. అమెరికాలో అనేక పడవ రేవుల దగ్గర మోనోఫిలమెంట్ సేకరించే గొట్టపు డబ్బాలు ఉంటాయి. వాటిలో మోనో, ఫ్లోరోకార్బన్ వేయవచ్చు కాని బ్రెయిడ్ వేయకూడదు, అది ఆ పద్ధతిలో కరిగించి మళ్లీ వాడడానికి రాదు. బ్రెయిడ్‌ను, డబ్బా లేని చోట ఏ లైన్‌నైనా, జానెడుకన్నా పొట్టి ముక్కలుగా కోసి మూత ఉన్న చెత్తబుట్టలో వేయండి. నేను వేట సంచిలో ఇందుకోసమే మూత ఉన్న ఒక చిన్న డబ్బా ఉంచుకుంటాను. ముడి మార్చినప్పుడు కోసిన రెండు అడుగులూ అందులోకే వెళతాయి.

స్పూల్ తీసి తిప్పినప్పుడు గరగర పోయిందో లేదో చూసి ఇక్కడే రాయండి. పోకపోతే రీల్ మోడల్, పక్క మూత తీసిన ఫొటో పెట్టండి, గేర్‌దా బేరింగ్‌దా చూసి చెబుతాను.